స్నానాల నీళ్లు పెరటి డ్రిప్పుకి పనికొస్తాయా?

ప్రశ్న: మా ఇంట్లో రోజూ స్నానాల నీళ్లు 250 లీటర్లు, బట్టలు ఉతికినవి 150 లీటర్లు వృథాగా పోతున్నాయి. డ్రమ్ములో తేర్చి కూరగాయలకు వదిలితే డ్రిప్పర్లు మూసుకుపోతున్నాయి. మోటారు లేకుండా నడిచే మెంబ్రేన్ (అతి సన్నని రంధ్రాల పొర) ఫిల్టర్ ఉందంటున్నారు. ఎంత సైజుది కావాలి? ఆ నీళ్లు గేదెలకు తాపవచ్చా? – ఒక రైతు, కదిరి

జవాబు: పెట్టుకోవచ్చు. అయితే మొత్తం 400 లీటర్లూ దాని గుండా పంపనక్కర్లేదు. ఉతికిన నీళ్లు అరటి, కొబ్బరి పాదులకు మార్చి మార్చి వదిలేయండి. మెంబ్రేన్ స్నానాల నీళ్లకు చాలు. వంటింటి నీళ్లు మాత్రం కలపవద్దు, నూనె జిడ్డు మెంబ్రేన్‌కు పట్టేస్తుంది.

కొనేటప్పుడు ఆర్ఓ మెంబ్రేన్ తీసుకోకండి, ఇంత తక్కువ ఒత్తిడికి అందులోంచి చుక్క రాదు. నీళ్లలో ముంచి ఉంచే అల్ట్రాఫిల్ట్రేషన్ పలకలు (ఆర్ఓ కంటే పెద్ద రంధ్రాలుండే మెంబ్రేన్ పలకలు) అడగండి. ఇలాంటి నీళ్లకు చదరపు మీటరుకు గంటకు లీటరున్నర వస్తుందని లెక్క వేసుకోండి, అంటే రోజుకు 36 లీటర్లు. 250 లీటర్లకు 7 చ.మీ. కావాలి, 8 పెట్టండి.

ముందు జాలీతో వెంట్రుకలు ఆపి, ఒక డ్రమ్ములో పూటంతా తేరనివ్వాలి. తర్వాత పలకలున్న తొట్టి. తొట్టిలో నీటిమట్టానికి 60 సెం.మీ. కిందుగా బయటి పైపు మూతి ఉండాలి, ఆ ఎత్తు తేడాయే ఒత్తిడి. పైపు మధ్యలో ఎక్కడా పైకి లేస్తే గాలి నిలిచి ధార ఆగిపోతుంది. వడకట్టిన నీళ్లు చేరే డ్రమ్ము మడికంటే కనీసం మీటరు ఎత్తులో ఉంటేనే డ్రిప్పు నడుస్తుంది. స్నానాల గది నేలమట్టంలోనే ఉంటే నీళ్లు పైకి ఎక్కించడానికి చిన్న మోటారు తప్పదు. మోటారు అక్కర్లేదన్నది వడపోతకు మాత్రమే.

మొదటి వారం ధార బాగా తగ్గుతుంది. పాడైందనుకుని పలకలను బ్రష్షుతో రుద్దకండి. వాటిపై జిగురు పొర కడుతుంది. అందులో సూక్ష్మజీవులు, వాటిని తినే చిన్న పురుగులు చేరి పొరను గుల్లగా ఉంచుతాయి, ధార తగ్గడం అక్కడ నిలుస్తుంది. బ్లీచింగ్, ఫినాయిల్, యాసిడ్ తొట్టిలో పడితే అవి చచ్చి పొర బిగుసుకుంటుంది. గాలి అందకపోయినా అంతే, కుళ్లు వాసన మొదలై ధార పడిపోతుంది. చేపల తొట్టికి వాడే గాలి పంపు ఒకటి పెట్టండి. అడుగు బురద నెలకోసారి వదలండి. తడిసిన పలకలు ఎండితే మళ్లీ పనికిరావు, ఊరెళ్లినా తొట్టి నిండుగా ఉంచండి.

వచ్చే నీరు తేటగా ఉండాలి. మడ్డిగా వస్తే పలక చిరిగినట్టే.

బ్యాక్టీరియా ఆగుతుంది, ఉప్పు ఆగదు. సబ్బు సోడియం నేలలో పేరుకుంటుంది. మీ బోరు నీళ్లలోనే లవణాలుంటే జాగ్రత్త ఇంకా అవసరం. వడకట్టిన నీటిని కృషి విజ్ఞాన కేంద్రంలో (కేవీకే) ఇసి (కరిగిన లవణాల మోతాదు), ఎస్ఏఆర్ (కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంతుందో) పరీక్ష చేయించండి. ఇసి మీటరుకు 0.7 డెసిసీమెన్స్ (dS/m) లోపుంటే లవణాలతో ఇబ్బంది లేదు, 3 దాటితే కూరగాయలకు వద్దు. ఎస్ఏఆర్ ఎక్కువుంటే నేల బిగుస్తుంది, మట్టి పరీక్షను బట్టి జిప్సం వేయాలి.

వడకట్టిన నీటినీ ఒక రోజుకు మించి నిల్వ పెట్టకండి, మళ్లీ పాకుడు పడుతుంది. డ్రిప్పు జల్లెడ ఫిల్టరు తీసేయవద్దు, వారానికోసారి లేటరల్ (డ్రిప్పర్లుండే సన్న పైపు) చివరలు విప్పి కడగండి.

గేదెలకు తాపవద్దు. కరిగిన సబ్బు, రసాయనాలు మెంబ్రేన్ దాటి వస్తాయి.