పది రోజులుగా మాత్రలు వేసుకోలేదు, మనిషి మాత్రం మామూలుగానే ఉన్నాడు

ప్రశ్న: స్కిజోఫ్రీనియా ముదిరిన రోజుల్లో మా తమ్ముడు ఒకరిని గాయపరిచాడు. కోర్టు శిక్ష వేయకుండా ఫోరెన్సిక్ వార్డులో, అంటే నేరం చేసిన మానసిక రోగులకు చికిత్స చేసే చోట ఉంచింది. మందులు మానకూడదన్న షరతు మీద మూడు నెలల కిందట ఇంటికొచ్చాడు. పది రోజులుగా ఆ జబ్బుకిచ్చిన క్లోజపిన్ మాత్రలు వేసుకోవడం లేదని నిన్న తెలిసింది. చూడటానికి బాగానే ఉన్నాడు. డాక్టరుకు చెబితే మళ్లీ తీసుకెళ్లిపోతారేమోనని భయం. ఇంట్లోనే పాత మోతాదు మొదలుపెట్టించవచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: వద్దండి. క్లోజపిన్ 48 గంటలకు మించి ఆగితే పాత మోతాదు నేరుగా వేయకూడదు. అలా వేస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో 12.5 మిల్లీగ్రాములతో, అంటే 25 మిల్లీగ్రాముల మాత్రలో సగంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. తెల్లకణాల పరీక్ష కూడా మళ్లీ చేయించమంటారు. ఇవాళే ఫోన్ చేయండి. చివరి మాత్ర ఏ రోజు, ఏ పూట వేసుకున్నాడో, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి మరీ చెప్పండి.

బాగానే ఉన్నాడన్నది నమ్మకండి. మందు మానిన వెంటనే జబ్బు తిరగబెట్టకపోవచ్చు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ వ్యవధి చూసే ‘ఇక నాకు మందులక్కర్లేదు’ అనుకుంటారు. క్లోజపిన్‌ను హఠాత్తుగా ఆపితే మాత్రం కొద్ది రోజుల్లోనే తిరగబెట్టవచ్చు. అప్పట్లో ఆ ఘటనకు ముందు ఏమేం మారాయో గుర్తుచేసుకుని రాసిపెట్టండి. నిద్ర తగ్గిందా, అన్నం మీద అనుమానం వచ్చిందా, ఎవరి పేరైనా పదేపదే ఎత్తాడా? తిరగబెట్టేటప్పుడు తరచూ అవే ముందు కనిపిస్తాయి.

సిగరెట్లు మొదలుపెట్టాడా అన్నది కూడా కనుక్కోండి. చాలామంది అడగని సంగతి ఇదే. వార్డులో పొగ తాగనివ్వకపోతే మోతాదును దానికి తగ్గట్టే నిర్ణయిస్తారు. బయటికొచ్చి తాగితే ఆ పొగ వల్ల కాలేయం క్లోజపిన్‌ను త్వరగా విరిచేస్తుంది. రక్తంలో మందు సగం దాకా తగ్గిపోవచ్చు. అంటే, రోజూ మాత్ర వేసుకుంటున్నా జబ్బు తిరగబెట్టవచ్చు. సిగరెట్లు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే, రక్తంలో మందు ఎక్కువైపోతుంది. ఇదంతా పొగ వల్లే, నికోటిన్ ప్యాచ్‌తో ఈ ఇబ్బంది లేదు.

ఎందుకు మానాడో కోప్పడకుండా అడగండి. రాత్రుళ్లు దిండు తడిసేలా చొంగ, పొద్దున లేవలేనంత మత్తు, బరువు, మలబద్ధకం – వీటికి డాక్టరు దగ్గర ఉపాయాలున్నాయి. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకండి, ఈ మందుతో అది ప్రాణం మీదికి తేగలదు. అన్నంలో కలిపి పెట్టడం మాత్రం వద్దే వద్దు. ఎంత మందు లోపలికెళ్లిందో తెలియదు. బయటపడిన రోజున మీ చేతి ముద్ద ఇక ముట్టడు.

తీసుకెళ్లిపోతారన్న భయం అర్థమవుతోంది. షరతులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఏమీ జరగదని హామీ ఇవ్వలేం. అయినా ముందుగా తెలిస్తేనే మందు సర్దడానికి, ఇంటికొచ్చి చూడటానికి వీలుంటుంది. స్వీడన్‌లో జరిగి 2014లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, అవే మనుషులు క్లోజపిన్ లాంటి యాంటీసైకోటిక్ మందులు వాడిన కాలంలో, వాడని కాలంతో పోలిస్తే హింసాత్మక నేరాలు 45 శాతం తక్కువగా కనిపించాయి.

ప్రశ్న: మాత్రల బదులు నెలకో ఇంజక్షన్ వేయించకూడదా?

జవాబు: క్లోజపిన్‌కు అలాంటి ఇంజక్షన్ వాడుకలో లేదు. ఇదే జబ్బుకు వాడే హాలోపెరిడాల్, పాలిపెరిడోన్ లాంటి మందులకు ఉంది. తేదీకి రాకపోతే క్లినిక్‌కు ఆ రోజే తెలుస్తుంది, అదే దాని పెద్ద లాభం. కానీ ఒకసారి వేశాక వెనక్కి తీయలేం కాబట్టి, ముందు అదే మందును మాత్రల రూపంలో ఇచ్చి పడుతుందో లేదో చూస్తారు. ఇంజక్షన్ తర్వాత ఒకచోట కూర్చోలేక కాళ్లు కదుపుతూ తిరుగుతుంటే అది మొండితనం కాదు, మందు ప్రభావం. తర్వాతి తేదీ దాకా ఆగకుండా చెప్పండి.