టీవీలో అడ్డగీత: పిక్చర్ ట్యూబ్ పోలేదు
అన్నా, మీ నాన్నగారి పాత పిక్చర్ ట్యూబ్ కలర్ టీవీలో సౌండ్ బాగానే ఉండి, తెర మధ్యలో దారంలా ఒక్క అడ్డగీతే వస్తోందన్నారు. అది వర్టికల్ సెక్షన్, అంటే బొమ్మను పైకీ కిందికీ పరిచే సర్క్యూట్ లోపం. ట్యూబ్ గురించి టెన్షన్ వద్దు. కానీ బ్రైట్‌నెస్ వెంటనే తగ్గించండి, లేకపోతే ఆ గీత దగ్గర ఫాస్ఫర్ (తెర లోపల వెలిగే పూత) కాలి మచ్చ ఉండిపోతుంది.

ఆ సర్క్యూట్‌ను నడిపే చిప్, అంటే వర్టికల్ ఐసీ కాళ్ల దగ్గర టంకం చుట్టూ చాలాసార్లు వెంట్రుకంత పగులు ఉంటుంది, మెకానిక్‌ను భూతద్దంతో చూడమనండి. మళ్లీ సోల్డరింగ్ (టంకం) చేయించి, పక్కనున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్పించండి. ప్లగ్ తీశాక కూడా ట్యూబ్‌లో హై వోల్టేజ్ నిలిచి ఉంటుంది, అనుభవమున్న మెకానిక్‌తోనే చేయించండి.

టీవీ ముందు భాగంలో ఉన్న కంపెనీ పేరు చూసి నాణ్యత తేల్చకండి. 1982 ఆసియా క్రీడలప్పుడు విదేశీ టీవీ విడిభాగాల కిట్లు మన దేశంలో బిగించి సొంత పేర్లతో అమ్మారు. మెకానిక్ వెనక మూత తీసినప్పుడు బోర్డు నంబరు, ట్యూబ్ లేబుల్ చూస్తే అసలు తయారీదారు ఎవరో తెలియొచ్చు. ఆ బోర్డు నంబరుతోనే సర్క్యూట్ డయాగ్రమ్ వెతకండి.