రెండో చుట్టుకే అల్లిక జారిపోతుంటే

చెల్లీ, 8 వెదురు బద్దలు మధ్యలో కలిపి 16 కొసలతో గంప మొదలుపెట్టాననీ, రెండో చుట్టుకే అల్లిక జారిపోతోందనీ, పైకి వంచితే బద్దలు విరుగుతున్నాయనీ రాశావు. నీ చేతిలో తప్పేం లేదు, లెక్కలో ఉంది. ఒకే బద్దతో కిందికీ మీదికీ అల్లుతూ పోవాలంటే కొసలు బేసి సంఖ్యలో ఉండాలి. 16 ఉంటే మొదటి చుట్టు మీద నుంచి పోయిన చోట రెండోదీ మీద నుంచే పోతుంది, ఇక పట్టెక్కడ దొరుకుతుంది? అల్లింది విప్పి, ఒక కొసను మధ్య దాకా నిలువునా చీల్చు. 17 అవుతాయి.

అచ్చంపేటలో నాకు నేర్పిన పెద్దమ్మ కత్తితో కొస మీద చిన్న గాటు పెట్టి, రెండు బొటనవేళ్లతో మెల్లగా విడదీసేది. చీలిక పక్కకు పోతుంటే మందంగా ఉన్న సగాన్ని కాస్త ఎక్కువ వంచేది, అది మళ్లీ నడిమికి వచ్చేది. ఎంత చూసినా తనివి తీరదు.

విరగడం సంగతికి టెన్షన్ వద్దు. ఎండిన బద్దల్ని రాత్రంతా నానబెట్టు. మన పాలమూరు ఎండకు అల్లుతుండగానే ఆరిపోతాయి, తడిగుడ్డ కప్పి ఉంచు. వంచేటప్పుడు నున్నటి పైపొర బయటి వైపే ఉండాలి.