‘30 యాక్ట్ ఉంది’ అంటే ధర్నా నేరమైపోతుందా?

ప్రశ్న: మాది ఆంధ్రలో ఒక మండల కేంద్రం. పదహారు రోజులు కుళాయి నీళ్ళు రాకపోతే ఆడవాళ్ళం ముప్పై మందిమి ఖాళీ బిందెలతో తహసీల్దార్ ఆఫీసు ముందు కూర్చున్నాం. గంటన్నరకి పోలీసులొచ్చి ‘30 యాక్ట్ ఉంది, లేవండి’ అన్నారు. వ్యాన్ ఎక్కించేటప్పుడు తోపులాటలో ఎస్సై గారి టోపీ కింద పడింది. రాత్రి ఏడింటికి తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించుకుని పంపేశారు. మూడు నెలలైంది. ఇప్పుడు నాకూ మా అబ్బాయికీ వాట్సాప్‌లో నోటీసు వచ్చింది, గురువారం స్టేషన్‌కి రమ్మని. వాడు ధర్నాలో కూర్చోలేదు, పక్కన నిలబడి వీడియో తీశాడంతే. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. బైండోవర్ కూడా చేస్తారంటున్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు పంపిన నోటీసు ఫొటో చూశాను. భారతీయ న్యాయ సంహితలోని 126(2), 189(2), 223, 132 సెక్షన్లు, వాటి పక్కన పోలీస్ చట్టం 32 రాశారు. వరసగా అన్ని నంబర్లు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. నిజానికి ఇందులో జాగ్రత్తపడాల్సింది 132 ఒక్కదాని గురించే. దాని దగ్గరికి వస్తాను, ముందు ఆ ‘30 యాక్ట్’ సంగతి చూద్దాం.

అది 1861 నాటి పోలీస్ చట్టంలో 30వ సెక్షన్. ఊరేగింపు ఏ దారిన, ఏ వేళకు వెళ్ళాలో చెప్పడానికి, గొడవ జరిగేలా ఉందనిపిస్తే ముందుగా లైసెన్సు తీసుకోమని నోటీసు ఇవ్వడానికి పోలీసు అధికారులకు అది వీలు కల్పిస్తుంది. అసలు ఎవరూ ఎక్కడా కూర్చోకూడదని చెప్పే అధికారం అందులో లేదు. ‘ఫలానా తేదీ వరకు 30 యాక్ట్ అమలు’ అని జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంటుంది కదా, జనం దాన్ని కర్ఫ్యూలా చదువుకుంటారు. పోలీసులూ ఆ అపోహను పోగొట్టాలని పెద్దగా అనుకోరు. దాన్ని ఉల్లంఘిస్తే 32 కింద పడే శిక్ష ఎంతో తెలుసా? ఎక్కువలో ఎక్కువ రెండు వందల రూపాయల జరిమానా.

ఈ విషయం మన హైకోర్టులోనే తేలింది. 2022 డిసెంబరు 28న కందుకూరు తొక్కిసలాటలో 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో మరో ముగ్గురు చనిపోయారు. మర్నాడే రాష్ట్ర ప్రభుత్వం జీవో 1 తెచ్చి రోడ్ల మీద సభలకు దాదాపు తలుపులు మూసేసింది. చూపించిన ఆధారం ఈ పోలీస్ చట్టమే. సీపీఐ నాయకుడు కె. రామకృష్ణ, ఇంకొందరు హైకోర్టుకు వెళ్ళారు. 2023 మే 12న ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ ఆ పేరుతో హక్కునే లాక్కోకూడదని సుప్రీంకోర్టు 1972లోనే హిమత్‌లాల్ షా కేసులో చెప్పింది.

అలాగని రోడ్డు మనదే అనుకోవడానికీ లేదు. ఢిల్లీ షాహీన్‌బాగ్ ధర్నా వ్యవహారంలో 2020లో అదే సుప్రీంకోర్టు, దారిని ఎన్నాళ్ళైనా మూసి కూర్చునే హక్కు లేదంది. మీరు గేటు పక్కన కూర్చున్నారా, మెయిన్ రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారా అన్నది మీ ఉత్తరంలో లేదు. అడ్డంగా కూర్చునుంటే 126(2), అంటే దారిన పోయేవాళ్ళను ఆపారన్న ఆరోపణకు కాస్త బలం వస్తుంది. దానికి పడే శిక్ష నెల రోజుల సాధారణ జైలు, లేదా అయిదు వేల లోపు జరిమానా, లేదా రెండూ.

223 అంటే అధికారి ఉత్తర్వును ధిక్కరించడం, పాత ఐపీసీ 188. ఎఫ్‌ఐఆర్ కట్టినా సరే, ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారో, ఆయన పై అధికారో, ఆయన అధికారమిచ్చిన మరో ఉద్యోగో రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు దాన్ని విచారణకు తీసుకోకూడదు. ఇది పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 215లో ఉంది. మామూలు ఛార్జిషీటు వేసి ఊరుకున్న ఇలాంటి కేసులను హైకోర్టులు తరచూ కొట్టేస్తుంటాయి. 189(2) చట్టవిరుద్ధ సమావేశం. అయిదుగురు చేరితే చాలదు, బలప్రయోగంతో ప్రభుత్వాన్ని బెదిరించడం, ఆస్తి ధ్వంసం చేయడం లాంటి ఉద్దేశం ఉండాలి. ఖాళీ బిందెతో కూర్చోవడానికి అలాంటి ఉద్దేశం అంటగట్టడం తేలిక కాదు.

ఇక 132. విధుల్లో ఉన్న ఉద్యోగిని అడ్డుకోవడానికి దాడి లేదా బలప్రయోగం చేశారన్న సెక్షన్ ఇది. నిన్నమొన్నటి దాకా ‘353 కడతా’ అని బెదిరించేవారే, అదే ఇది. మిగతావన్నీ బెయిలబుల్, ఇది కాదు. చిన్న ధర్నా కేసులో ఈ సెక్షన్ ఎందుకు తగిలిస్తారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అయితే తోపులాటలో టోపీ జారి పడటం, కావాలని చెయ్యి చేసుకోవడం ఒకటి కాదు. అది తేల్చేది మీ అబ్బాయి తీసిన వీడియోనే.

అందుకని ఆ వీడియో మీద చెయ్యి వేయకండి. కత్తిరించొద్దు, పాట కలపొద్దు, వాట్సాప్‌లో పంపిన కాపీని అసలుదిగా అనుకోవద్దు. తీసిన ఫోన్‌లోనే ఉంచి, కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో కాపీ తీయండి. కోర్టులో చూపించేటప్పుడు సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ లాయరు చూసుకుంటారు. పోలీసులు ఫోన్ అడిగితే పంచనామా రాయకుండా ఇవ్వకండి. స్వాధీనం చేసుకునే తతంగాన్ని వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ వాళ్ళకే చెబుతోంది.

గురువారం సంగతి. ఇది బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు, అంటే అరెస్టు చేయకుండా విచారణకు రమ్మని పిలిచేది. వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. చెల్లదు కదా అని ఇంట్లో కూర్చోమని మాత్రం నేను చెప్పను. నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం, కారణాలు రాసి పెట్టకుండా అరెస్టు చేయకూడదన్నది మీకున్న రక్షణ. దాన్ని చేజేతులా వదులుకోవడం దేనికి? ‘నోటీసు వాట్సాప్‌లో అందింది, పద్ధతి ప్రకారం ఇవ్వమని కోరుతూనే సహకరించడానికి వచ్చాం’ అని ఒక కాగితం రాసి ఇచ్చి, రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయనంటే ఆ కాగితాన్నే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. లాయరును వెంట తీసుకెళ్ళండి. విచారణ జరుగుతున్నంతసేపూ పక్కన కూర్చోనివ్వకపోయినా, మధ్యలో కలిసే హక్కు మీకుంది.

తెల్లకాగితాల గురించి చాలా భయపడుతున్నట్టున్నారు. పోలీసుల ముందు చెప్పిన మాట మీద సంతకం పెట్టించుకోవడానికే చట్టం ఒప్పుకోదు, వాళ్ళ దగ్గర చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా పనికిరాదు. అయినా ఈలోపే, ఫలానా తేదీన ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకున్నారని ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఆరు నెలల తర్వాత చెబితే కథ అల్లారంటారు. ఆ రోజు స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీ చెరిపేయకుండా ఉంచమని అందులోనే అడగండి. స్టేషన్లలో కెమెరాలు ఉండాలన్నది 2020 నాటి సుప్రీంకోర్టు ఆదేశం.

బైండోవర్ అంటే ఇకమీదట శాంతికి భంగం కలిగించనని బాండు రాయించుకోవడం. ఆ మాట స్టేషన్లో అన్నంత మాత్రాన అయిపోదు. అది బీఎన్‌ఎస్‌ఎస్ 126 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ చేసే పని, మన దగ్గర సాధారణంగా ఆయన తహసీల్దారే. అంటే నీళ్ళివ్వలేదని మీరు ఎవరి గేటు ముందు కూర్చున్నారో ఆయనే మీ శాంతస్వభావం గురించి తీర్పు చెప్పాలి! చట్టంలోని ఈ ఏర్పాటు నాకెప్పుడూ మింగుడుపడదు. సరే, ఆయనైనా ముందు రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. మీ మీద వచ్చిన సమాచారం ఏమిటి, బాండు ఎంత, ఎన్నాళ్ళకు, ఎంతమంది జామీనుదారులు అన్నవన్నీ అందులో ఉండాలి. గడువు ఏడాదికి మించకూడదు. విచారణ మొదలుపెట్టకుండానే పూచీకత్తు అడగకూడదని మధు లిమాయే కేసులో 1970లోనే తేలింది. ఆఫీసు వరండాలో ముద్రించిన ఫారం చేతికిచ్చి ‘ఇక్కడో సంతకం పెట్టి వెళ్ళిపోండి’ అంటారు, చాలామంది పెట్టేస్తారు. పెట్టకండి. నాకు విచారణ కావాలి అని ఆ ఫారం మీదే రాసివ్వండి.

అబ్బాయి ఉద్యోగం విషయంలో నా సలహా ఒక్కటే, దాచొద్దు. అటెస్టేషన్ ఫారంలో కేసులున్నాయా అని అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు రాయాలి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పినదాని సారం, చిన్న కేసుంటే నియామకాధికారి మంచీచెడ్డా చూసి నిర్ణయిస్తారు, దాచిపెడితే అదే వేరే తప్పవుతుంది. పోలీసు ఉద్యోగం కాబట్టి పరిశీలన ఇంకాస్త గట్టిగానే ఉంటుంది. వీడియో తీసిన పాపానికి నిందితుడిగా చేర్చారు కాబట్టి, ఎఫ్‌ఐఆర్ కాపీ రాగానే అతని వరకు విడిగా హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద కేసు కొట్టేయమని క్వాష్ పిటిషన్ వేయడం మంచిది. మీ అందరితో కలిపి వేస్తే అతని వాదన పలచబడుతుంది.

ఫీజు గురించి మొహమాటపడకండి. మహిళగా మీకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది, మీ కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆ రోజు నిజంగా 30 యాక్ట్ ఉత్తర్వు ఉందా, ఎవరు సంతకం చేశారు, ఎప్పుడు ప్రచురించారు అన్నది సమాచార హక్కు కింద ఈ వారమే అడగండి. పది రూపాయల దరఖాస్తు. ఆ కాగితమే లేదని తేలితే, కేసులో సగం అక్కడే కూలుతుంది.

ఒకవేళ ఎన్నికల ముందు ‘ధర్నా కేసులు ఎత్తేస్తున్నాం’ అని ఏ మంత్రి గారైనా ప్రకటిస్తే సంతోషించండి గానీ వాయిదాలు మానేయకండి. జీవో వచ్చినా కేసు దానంతటదే పోదు. ప్రభుత్వం తరఫు లాయరు ఏపీపీ గారు కోర్టులో పిటిషన్ వేయాలి, మేజిస్ట్రేట్ ఒప్పుకోవాలి. జీవో వచ్చిందని ఇంట్లో కూర్చుని, రెండేళ్ళకు నాన్ బెయిలబుల్ వారెంటు చేత పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. ఆర్డర్ కాపీ చేతికొచ్చే దాకా ప్రతి వాయిదాకూ వెళ్ళండి.