తాబేలు కుట్టిన అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: విశాఖపట్నం, గాజువాకలో ఉంటాం. మావారు ఉక్కు కర్మాగారంలో పనిచేస్తారు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. పసిపిల్లల బట్టల మీద వేసే బొమ్మలు, దూది నింపిన మెత్తటి బొమ్మలు తయారుచేసే పనే చేస్తానంటోంది. నా పాత చున్నీతో ఒక తాబేలు కుట్టింది. డిప్ప వంకరగా వచ్చిందని మూడుసార్లు కుట్లు విప్పి మళ్లీ కుట్టింది. వాళ్ల నాన్న చొక్కా గుండీలు కోసి కళ్లు పెట్టింది. మార్కులు తగ్గుతున్నాయని ఆ బొమ్మలు, రంగులు, పుస్తకాలు పెట్టెలో సర్ది అటక ఎక్కించాను. బీటెక్ అయ్యాక ఇటు పంపాలా, ఇప్పుడే డిజైన్ డిగ్రీలో చేర్చాలా, మా ఊళ్లో యానిమేషన్ కోర్సు చేయించాలా? మూడూ పోల్చి చెప్పండి. మా ఆడపడుచు కొడుకు సాఫ్ట్‌వేర్‌లో చేరాడు, చుట్టాలు మా అమ్మాయి గురించి అడుగుతున్నారు. ఇది అసలు ఉద్యోగమేనా?

జవాబు: అమ్మా, మూడు చదువులు పోల్చమన్నారు కానీ మీకు నిద్ర పట్టనివ్వనిది మీ ఆఖరి వాక్యం. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా ఇంటర్ పరీక్షల ముందు వస్తాయి. ఒకరి అబ్బాయి కేకులు చేస్తానంటాడు, ఇంకొకరి అమ్మాయి ఫోటోలు తీస్తానంటుంది. అడిగేది కోర్సు గురించి, లోపలి భయం మాత్రం పెళ్లిళ్లలో చుట్టాలు ‘మీ పిల్ల ఏం చదువుతోంది’ అంటే ఏం చెప్పాలా అని. అందుకే ముందు దానికే జవాబు. అవును, ఇది ఉద్యోగమే. మీ ఇంట్లో ఏ పసిబిడ్డ చొక్కా తీసి చూసినా దాని మీద నవ్వే ఏనుగును ఎవరో ఒకరు జీతం తీసుకుని గీశారు.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. కొన్నేళ్ల కిందట నా దగ్గరకు సలహాకు వచ్చిన శ్రీకాకుళం అమ్మాయి ఇప్పుడు తిరుప్పూరులో పిల్లల బట్టలు తయారయ్యే చోట డిజైనర్. ఆమె మొదట గీసిన ఏనుగుకు ఆరు రంగులు. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగు రంగుకూ విడిగా స్క్రీన్ కావాలి, ఖర్చు పెరుగుతుంది, మూడు రంగులు చాలన్నారు. తగ్గించింది. ఆరు నెలల పాప చొక్కాకు నిండుగా ఉన్న ఏనుగు ఆరేళ్ల పిల్ల చొక్కా మీద బొట్టుబిళ్లంత కనిపించింది. పెద్దది చేస్తే తొండం గుండీల పట్టీ మీదికి పోయి రెండు ముక్కలైంది. అప్పుడు తొండాన్ని పైకెత్తింది. చివరకు పిల్లలకు నచ్చింది ఆ ఎత్తిన తొండమేనట. ఈ పనిలో ఊహ ఎంత ఉంటుందో, దిద్దుబాటు అంతకు పదింతలు ఉంటుంది.

మెత్తటి బొమ్మల్లో ఇంకా ఎక్కువ. కాగితం మీద గుండ్రంగా ఉన్న ముఖం గుడ్డలో దానంతటది గుండ్రంగా రాదు. బల్లపరుపు ముక్కలు ఎన్ని కలిపితే బుగ్గ ఉబ్బుతుందో, ఎక్కడ మడత కుట్టు వేస్తే ముక్కు లేస్తుందో చేతులకు తెలియాలి. నూగు ఉన్న గుడ్డ అయితే నూగు ఎటు వాలిందో చూసి కత్తిరించాలి. ఒక చెవికి పైకి, ఇంకో చెవికి కిందికి వాలితే ఒకే తాను గుడ్డ రెండు రంగుల్లా కనిపిస్తుంది. మెడ దగ్గర దూది చాలకపోతే తల వాలిపోతుంది. మీ అమ్మాయి డిప్ప కుట్లు మూడుసార్లు విప్పిందని మీరు ఫిర్యాదుగా రాశారు. నేను దాన్ని రెండుసార్లు చదువుకున్నాను. బొమ్మలు బాగా గీసే పిల్లలు నాకు చాలామంది తెలుసు. వంకర నచ్చక మూడోసారి విప్పే పిల్లలు మాత్రం తక్కువ. అందుకే మీ అమ్మాయి విషయంలో నాకు ధైర్యంగా ఉంది.

ఇక మీకు కోపం వచ్చినా ఒక మాట అంటాను. ఆ పెట్టెను అటక ఎక్కించడం తప్పు. మార్కులు బొమ్మల వల్లే తగ్గాయని ఎలా అనుకున్నారు? పొద్దున్నుంచి రాత్రి దాకా కళాశాల, ఆపైన స్టడీ అవర్, ఇంటికొచ్చాక మీ నిట్టూర్పు. పదిహేడేళ్ల పిల్లకు ఊపిరాడేది ఆ సూదీ దారం దగ్గరే అయ్యుండవచ్చు. అది కూడా లాగేసుకుంటే ఫిజిక్స్ మీద ప్రేమ పుడుతుందా? ఇంకొకటి. ఉత్తరం నిండా ‘మావారు’, ‘చుట్టాలు’, ‘మా ఆడపడుచు కొడుకు’ ఉన్నారు. ఈ పనే ఎందుకు కావాలో మీ అమ్మాయి చెప్పిన మాట ఒక్కటీ లేదు. ఆ తాబేలు ఎందుకు కుట్టావని ఒక్కసారైనా అడిగారా? మన తీరానికి ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలును చూసి కుట్టిందేమో, మీకు తెలుసా?

మిమ్మల్ని కోప్పడ్డాను కనుక మీ అమ్మాయికీ ఒక చేదు మాట. నాకు అనుమానం ఉన్నది ఈ వృత్తి మీద కాదు, దాని చుట్టూ ఇప్పుడు నడుస్తున్న వ్యామోహం మీద. కళాశాల సంచులకు లబుబు బొమ్మలు వేలాడుతున్న కాలం ఇది. ‘నేనూ ఒక పాత్ర సృష్టిస్తాను, సొంత బ్రాండ్ పెడతాను’ అనే పిల్లలు నా దగ్గరకు వరసగా వస్తున్నారు. లబుబును కాసింగ్ లంగ్ అనే చిత్రకారుడు 2015లో బొమ్మల కథల కోసం గీశాడు. పాప్ మార్ట్ కంపెనీతో ఒప్పందం 2019లో. సంచులకు తగిలించే మెత్తటి బొమ్మ 2023లో. లోకమంతా ఎగబడింది ఆ తర్వాతే. ఆ మధ్యలోని ఏళ్లు ఎవరూ చెప్పరు. హలో కిట్టీ అనే పిల్లి బొమ్మ సంగతి చూడండి. 1974లో సాన్రియో కంపెనీలో ఉద్యోగినిగా యూకో షిమిజు దాన్ని గీసింది. 1976లో ఆమె ఉద్యోగం మానేసింది, పిల్లి కంపెనీతోనే ఉండిపోయింది. జీతానికి గీసిన పాత్ర సాధారణంగా జీతం ఇచ్చినవారిదే. ఈ నిజం ఇష్టమైతేనే రమ్మనండి.

సొంత బ్రాండ్ అంటే చట్టాలూ తెలియాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులకు, ఒక ఊరి పేరుతో భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న బొమ్మలకు మినహాయింపు ఉంది కానీ, ఇంట్లో కుట్టి ఆన్‌లైన్‌లో అమ్మేస్తాననే అమ్మాయికి అది దానంతటది వర్తించదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకోదగిన డిజైన్‌ను అలాగే వదిలేసి, వస్తువును పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి తయారుచేస్తే దాని మీద కాపీరైట్ పోతుందని 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. నా దగ్గరకు ‘బ్రాండ్’ అంటూ వచ్చిన పిల్లల్లో ఈ సంగతి తెలిసినవారు ఒక్కరూ లేరు.

యానిమేషన్ కోర్సు సంగతి సూటిగా చెబుతాను. ఉద్యోగం గ్యారంటీ అని గోడల మీద రాసుకున్న చోట లక్షలు కట్టకండి. కదిలే బొమ్మలు చేయాలనుకునేవారికి యానిమేషన్ మంచి చదువే. హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ అనే యానిమేషన్ సంస్థ 2008లో మొదలుపెట్టిన ఛోటా భీమ్ తెర మీద నుంచి పిల్లల సంచుల మీదికి, చొక్కాల మీదికి నడిచి వచ్చింది కూడా. కానీ మీ అమ్మాయి చేతులు వెతుకుతున్నది గుడ్డను. ఏడాది కోర్సులో సాఫ్ట్‌వేర్ నేర్పుతారు, గుడ్డ నేర్పరు.

మీరడిగిన పోలిక ఇంతే. బీటెక్ చేసి తర్వాత డిజైన్‌లోకి వెళ్లడం కుదురుతుంది, చాలామంది వెళ్లారు. అయితే వాళ్లు ఆ నాలుగేళ్లూ ఇష్టంగా చదివినవారు. ఇష్టం లేని పిల్లకు అది నాలుగేళ్ల వాయిదా. డిజైన్ డిగ్రీ అయితే నేరుగా. మన రాష్ట్రంలోనే అమరావతి ప్రాంతంలో ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ ఉంది, 2015లో మొదలైంది. వస్త్ర డిజైన్ అక్కడ ఒక విభాగం. ఫ్యాషన్ చదువుల జాతీయ సంస్థ నిఫ్ట్ హైదరాబాద్ ప్రాంగణంలో టెక్స్‌టైల్ డిజైన్, నిట్‌వేర్ డిజైన్ ఉన్నాయి. పసిపిల్లల బట్టలు చాలావరకు అల్లిక గుడ్డవే కాబట్టి నిట్‌వేర్ మీద ఒక కన్నేసి ఉంచండి. బొమ్మల డిజైన్‌కే ప్రత్యేకమైన పీజీ ఎన్ఐడీ గాంధీనగర్ ప్రాంగణంలో ఉంది. ఇవేవీ రాకపోతే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ ఉంది, ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. దాన్ని తక్కువగా చూడకండి. ప్రవేశ పరీక్షల వివరాలు మీ అమ్మాయికి నాకంటే బాగా తెలిసే ఉంటాయి, అడగండి.

డబ్బు గురించి దాచను. మొదటి రెండు మూడేళ్లు జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన ఆడపడుచు కొడుకు జీతంతో సరితూగదు. ఊరు కూడా వదలాలి. మీ పక్కన అచ్యుతాపురంలో వేలమంది ఆడవాళ్లు బట్టలు కుడుతున్నారు. బొమ్మలు గీసే ఉద్యోగాలు మాత్రం ఎక్కువగా తిరుప్పూరు, బెంగళూరు, ముంబై, నోయిడా వైపు ఉంటాయి. అయినా తలుపులు మూసుకుపోయిన రంగం కాదు. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. బయటి నుంచి తెచ్చి అమ్మడం భారమయ్యాక ఇక్కడ తయారుచేసేవారికి సొంత బొమ్మలు కావాలి. వాటిని గీసి, కుట్టి చూపించగల మనిషి కావాలి.

ఒక ఆదివారం ముగ్గురూ కలిసి లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక వెళ్లండి. మీ ఇంటికి దూరం కాదు, వరాహ నది ఒడ్డున. అంకుడు కర్ర తిరుగుతుంటే లక్కను అదిమి పడతారు, రాపిడి వేడికి రంగు కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆ రంగులు చెట్ల గింజలు, వేళ్లు, ఆకుల నుంచి తీసినవి. అంచులన్నీ నున్నగా ఉంటాయి, ఎందుకంటే ఆ బొమ్మ చివరకు పసిబిడ్డ నోట్లోకే వెళుతుంది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి సహజ రంగులకు ప్రాణం పోసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మీవారిని తప్పకుండా తీసుకెళ్లండి. ఉక్కు కరిగించే మనిషికి లక్క కరిగించే మనిషి పని విలువ నేను చెప్పక్కర్లేదు.

ఈ ఉత్తరం చదవగానే పెట్టె దించండి. తాబేలు కళ్ల గుండీలు తీసేసి, కళ్లను దారంతోనే కుట్టమని చెప్పండి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు ఊడివచ్చే చిన్న వస్తువు ఏదీ ఉండకూడదు, గుండీ గొంతులో అడ్డం పడుతుంది. తర్వాత ఆ తాబేలును మీ చుట్టాల్లో ఏడాది బిడ్డ ఉన్న ఇంటికి ఇవ్వండి. నెల రోజులు నమలనివ్వండి, ఉతకనివ్వండి. తిరిగి తెచ్చుకుని ముందు ఏ కుట్టు ఊడిందో మీ అమ్మాయిని చూడమనండి. ఆమె అప్పుడు ఏం మార్చిందో నాకు రాయండి, ఈసారి ఆమె మాటల్లోనే.