మార్మన్ ఆలయాల్లో సందర్శకులను వీడియో తీయనివ్వరట, అంతగా దాచుకోవలసింది ఏముంది?

ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. వీడియో తీయనివ్వరన్న మాట నిజమేనా అన్నది మొదటిది. నిజమైతే లోపల ఏదో దాస్తున్నట్టే కదా అన్నది రెండవది. మొదటిదానికి జవాబు చిన్నదే: ఆరుబయట తీసుకోనిస్తారు, ఆలయం లోపల తీయనివ్వరు. రెండవదానిలో ఉన్న అనుమానం సరైనది కాదని నా గట్టి నమ్మకం కాబట్టి, దాని గురించే వివరంగా రాస్తున్నాను.

నేను తొమ్మిదేళ్లుగా యూటా రాష్ట్రంలోని లీహై పట్టణంలో ఉంటున్నాను. మా పక్కింటివారు, ఆఫీసులో నా పక్కన కూర్చునే ఆయన, మా పాపకు బడిలో చదువు చెప్పే టీచరు, అందరూ మార్మన్లే, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘానికి చెందినవారే. 2018 నుంచి వారు తమను మార్మన్లు అనవద్దనీ, సంఘాన్ని యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘమన్న పూర్తి పేరుతోనే పిలవాలనీ కోరుతున్నారు. ప్రశ్నలో ఆ మాట ఉంది కాబట్టి నేనూ వాడుతున్నాను. నేను ఆ మతానికి చెందినవాణ్ణి కాను. మాది శనివారం వేంకటేశ్వరస్వామికి దీపం పెట్టుకునే ఇల్లు.

సాల్ట్ లేక్ సిటీలోని టెంపుల్ స్క్వేర్‌కు అంటే అక్కడి ఆలయం ఉన్న ఆవరణకు ఎవరైనా ఉచితంగా వెళ్లవచ్చు. అక్కడ పూలమొక్కల ముందు నిలబడి కుటుంబంతో ఫోటోలు తీసుకోవచ్చు, వీడియో కూడా తీసుకోవచ్చు. వ్యాపారం కోసం తీసే చిత్రీకరణకు మాత్రం ముందుగా అనుమతి అడగాలి. ఆలయభవనం సంగతి వేరు. ఒకసారి ప్రతిష్ఠ జరిగిందంటే, సంఘపెద్దల నుంచి అర్హతాపత్రం పొందిన సభ్యులు తప్ప ఇంకెవరూ లోపలికి వెళ్లలేరు. వెళ్లిన ఆ సభ్యులు కూడా లోపల ఒక్క ఫోటో తీయడానికి వీల్లేదు. ఇది చాలామందికి తెలియదు. ఆ ఆలయంలో పెళ్లి చేసుకునే అమ్మాయికి కూడా పెళ్లి జరుగుతున్నప్పటి ఫోటో ఒక్కటీ ఉండదు. వధూవరులు తలుపు తీసుకుని బయటికి వచ్చేదాకా ఫోటోగ్రాఫరు మెట్ల దగ్గరే నిలబడి ఉంటాడు. కన్న తల్లిదండ్రులైనా సరే, అర్హతాపత్రం లేకపోతే అతని పక్కనే నిలబడి ఎదురుచూడాలి. పరాయివాళ్లను చూసి పెట్టిన నియమమైతే సొంత పెళ్లికూతురికి ఎందుకు వర్తిస్తుంది?

మనబోటివాళ్లు లోపలికి వెళ్లే అవకాశం ఒక్కటే ఉంది. కొత్త ఆలయం కట్టినప్పుడు గానీ, పాతదాన్ని పెద్ద ఎత్తున బాగుచేసినప్పుడు గానీ, ప్రతిష్ఠకు ముందు కొన్ని వారాలపాటు ఓపెన్ హౌస్ పేరుతో అందరినీ ఆహ్వానిస్తారు. మా ఊరికి దగ్గరలోనే ఉన్న సరటోగా స్ప్రింగ్స్‌లో 2023లో అలాంటి ఓపెన్ హౌస్ జరిగింది. ఆ ఆగస్టులోనే ఆలయానికి ప్రతిష్ఠ చేశారు. అప్పటికి నాన్న పోయి ఏడాది దాటింది. అమ్మ రాజమండ్రి నుంచి మా దగ్గరికి వచ్చి ఉంది. ఎక్కడికీ రానంటూ ఇంట్లోనే కూర్చుంటున్న మనిషిని, గుడి అంటే కాదనదులే అని, జూన్‌లో ఒక శనివారం పొద్దున్న అక్కడికి తీసుకువెళ్లాను.

గుమ్మం దగ్గర పన్నెండు పదమూడేళ్ల పిల్లలు వరుసగా కూర్చుని, వచ్చినవారి పాదరక్షల మీద తెల్లటి గుడ్డ తొడుగులు వేస్తున్నారు. కింద పరిచిన తివాచీలు మాయకుండా చేసే ఏర్పాటది. అమ్మ ఆగిపోయింది. "గుడిలోకి చెప్పులతో ఎలా వస్తానురా?" అంది. ఇక్కడి పద్ధతి ఇదేనని నేను చెబుతూ ఉండగానే చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుంది. దాంతో ఆ పిల్లవాడు ఒక్క క్షణం తటపటాయించి, ఆమె వట్టి పాదాలకే తొడుగులు వేశాడు. ఎవరి బిడ్డో తన కాళ్లు ముట్టుకున్నాడని అమ్మ నొచ్చుకుంది. వాడి తల మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండు నాన్నా" అని దీవించింది. ఆ మాట వాడికి అర్థం కాకపోయినా నవ్వాడు.

లోపల బాప్తిస్మపు తొట్టి ఉన్న గదికి వచ్చాం. అంత పెద్ద తొట్టిని పన్నెండు ఎద్దుల విగ్రహాలు వీపుల మీద మోస్తూ ఉంటాయి. ఒక్కో దిక్కుకు మూడేసి ఎద్దులు ముఖం తిప్పి నిలబడతాయి. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలకు అవి గుర్తు. అమ్మకు ఆ సంగతేమీ తెలియదు. "నందులురా!" అంటూ గబుక్కున సంచిలోంచి ఫోను తీసింది. ఫోన్లు బయటికి తీయవద్దని లోపలికి రాకముందే చెప్పారు. ఆ మాట అమ్మకు తెలుగులో చెప్పడం నేను మరిచిపోయాను. తప్పు పూర్తిగా నాదే.

గది మూల నిలబడి ఉన్న ఒక తెల్లజుట్టు పెద్దావిడ నెమ్మదిగా మా దగ్గరికి వచ్చింది. గట్టిగా ఏమీ అనలేదు, ఎవరినీ పిలవలేదు. ఫోను పట్టుకున్న అమ్మ చేతి మీద తన అరచెయ్యి పెట్టి, చిరునవ్వుతో తల అడ్డంగా ఊపింది. అమ్మ సిగ్గుపడిపోయి, "మా చెల్లెలికి చూపిద్దామనుకున్నానమ్మా" అని ఆమెకు తెలుగులోనే చెప్పుకుంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ పెద్దావిడ అమ్మ చెయ్యి వదలకుండానే ఆ తొట్టి దేనికో వివరించింది. బతికుండగా బాప్తిస్మం పొందని పూర్వీకుల కోసం, వారి పేరు చెప్పి, వారికి బదులుగా వారి వంశంవారు ఇందులో మునుగుతారట. తాను తన నానమ్మ కోసం మరో ఆలయంలో అలా మునిగానని చెప్పింది.

నేను దాన్ని తెలుగు చేసి చెప్పేసరికి అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే వీళ్లకిది గయ లాంటిదన్నమాట" అంది. ఫోను సంచిలో పెట్టేసి, కొంగు భుజం మీదుగా కప్పుకుని ఆ తొట్టికి దండం పెట్టింది.

అమ్మకు ఆ విషయం అంత తొందరగా ఎందుకు అర్థమైందో నాకు తెలుసు. నాన్న పదకొండో రోజున మేము గోదావరి గట్టున కర్మ చేస్తుంటే, మా బంధువు ఒకాయన మొదటి నుంచి చివరి దాకా వీడియో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రాలేకపోయినవారు చూస్తారని మంచి ఉద్దేశంతోనే తీశారు. కానీ అమ్మ ముఖం తెర నిండా కనబడే ఆ రెండు నిమిషాలను ఎవరెవరో చూసి, కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ వీడియో గురించి అమ్మ నాతో ఒక్కసారే మాట్లాడింది. "అడిగి తీసినా బాగుండేది" అంది, అంతే. అందుకే "దాచుకోవడానికి ఏముంది" అని ఎవరైనా అడిగినప్పుడు నాకు ఆ మాట కటువుగా వినబడుతుంది.

పైగా వారు దాచారనడానికి చరిత్ర కూడా సాక్ష్యం చెప్పదు. 1911లో సాల్ట్ లేక్ ఆలయాన్ని మరమ్మతుల కోసం మూసి ఉంచినప్పుడు, సంఘం మీద కోపం పెంచుకున్న గిస్బర్ట్ బోసార్డ్ అనే యువకుడు లోపలికి చొరబడి గదులన్నిటినీ రహస్యంగా ఫోటోలు తీశాడు. అతనూ, మాక్స్ ఫ్లోరెన్స్ అనే వ్యాపారీ కలిసి, లక్ష డాలర్లు ఇవ్వకపోతే ఆ ఫోటోలను బయటపెడతామని సంఘాన్ని బెదిరించారు. ఆ రోజుల్లో లక్ష డాలర్లంటే మాటలు కాదు. అప్పటి సంఘ అధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్ దొంగసొత్తుకు బేరమాడేది లేదని తేల్చి చెప్పారు. ఆ తర్వాత జరిగినదే నాకు అన్నిటికంటే నచ్చింది. జేమ్స్ ఇ. టాల్మేజ్ అనే పండితుడి సలహా మీద, సంఘమే మంచి ఫోటోగ్రాఫరు చేత ఆ గదులన్నిటినీ ఫోటోలు తీయించి, టాల్మేజ్ చేతనే వివరణ రాయించి, 1912లో పుస్తకంగా అచ్చువేసి అందరికీ అమ్మింది. దొంగ ఫోటోలకు విలువ లేకుండా పోయింది.

ఆ పద్ధతినే వారు ఇప్పటికీ పాటిస్తున్నారు. 2010లో సాల్ట్ లేక్ ఆలయానికి ఒక నమూనా చేయించి, లోపలి గదులన్నీ కనబడేలా ఒక పక్క గోడలు కోసేసి, సందర్శకుల కేంద్రంలో పెట్టారు. ఆలయంలో ధరించే వస్త్రాల మీద ఇంటర్నెట్‌లో ఎగతాళి పెరిగితే, 2014లో తామే ఆ వస్త్రాలను చూపిస్తూ, వాటి అర్థం చెబుతూ ఒక చిన్న వీడియో విడుదల చేశారు. మన తిరుమలలోనూ పద్ధతి ఇదే కదా! ఆలయంలోకి ఫోను తీసుకువెళ్లనివ్వరు కానీ, కల్యాణోత్సవాన్ని దేవస్థానం వారే టీవీలో చూపిస్తారు. వైభవోత్సవాల్లో నమూనా ఆలయం కట్టి, కొండకు రాలేనివారికి స్వామివారి సేవలన్నీ చూపిస్తారు. కెమెరా వద్దన్నవారు ఆ చూపించే బాధ్యతను కూడా తామే తీసుకోవాలని నా అభిప్రాయం. ఊరికే వద్దని బోర్డు పెట్టి వదిలేసే చోట్లంటే నాకు గౌరవం తక్కువ.

ఇంత సమర్థించినా, నేను వారితో ఏకీభవించని చోటు ఒకటుంది. టెంపుల్ స్క్వేర్‌ను ఆనుకుని ఉన్న మెయిన్ స్ట్రీట్ ఒకప్పుడు ఊరందరిదీ అయిన వీధి. అందులో ఆలయం ముందున్న భాగాన్ని నగరపాలక సంస్థ 1999లో 81 లక్షల డాలర్లకు సంఘానికి అమ్మింది. జనం నడిచే హక్కు ఉంటుందన్నారు కానీ, కరపత్రాలు పంచకూడదు, నిరసన తెలపకూడదు, పొగతాగకూడదు అంటూ నిబంధనలు పెట్టారు. కేసు కోర్టుకెక్కింది. జనం నడిచే హక్కు ఉన్నంతవరకు అది బహిరంగ స్థలమే, అక్కడ నోళ్లు మూయించడం రాజ్యాంగానికి విరుద్ధమని 2002లో పదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది. అయితే మరుసటి ఏడాది నగరం మరోచోట స్థలం పుచ్చుకుని ఆ నడిచే హక్కునే వదిలేసుకుంది. దాన్నీ సవాలు చేస్తే, 2005లో అదే కోర్టు నగరం చేసినది చెల్లుతుందని చెప్పింది. అమెరికాలో ప్రభుత్వ వీధిలో నిలబడి కంటికి కనబడేదాన్ని వీడియో తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సొంత స్థలంలో మాత్రం యజమాని మాటే చెల్లుతుంది. కాబట్టి ఈ అమ్మకంతో ఆ కాస్త దూరంలో పౌరుడి హక్కు యజమాని మర్యాదగా మారిపోయింది. కోర్టు సరేనన్నా నా మనసు ఒప్పుకోదు. బాప్తిస్మపు గదిలో ఫోను ముయ్యమంటే శిరసావహిస్తాను, వీధిని కొనుక్కుని దాన్ని కూడా ఆలయంలా చూడమంటే అది న్యాయంగా అనిపించదు.

మనవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇక్కడి తెలుగువారిలో నాకు తెలిసిన ఒకాయన ఒక ఓపెన్ హౌస్‌కు వెళ్లి, చొక్కా జేబులో ఫోను పెట్టుకుని లోపలంతా వీడియో తీసి, రహస్య గుడి అని పేరు పెట్టి తన చానెల్‌లో ఉంచారు. పిలిచి, కాళ్లకు తొడుగులు వేసి, గదిగదీ తిప్పి చూపించినవారి ఇంట్లో రహస్యమేమిటి? సౌత్ జోర్డాన్‌లోని మన గణేశ ఆలయానికి వచ్చే ఇక్కడివాళ్లు అభిషేకం జరుగుతుంటే, ఫోటో తీయవచ్చా అని ముందుగా అడగడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ మాత్రం మనం చేయలేమా?

ఈ సంగతి మన ఊళ్లకు దూరమైనదేమీ కాదు. హైదరాబాదులో 1978 నుంచే ఈ సంఘం సభ్యులున్నారు. మన దేశంలో వారి తొలి స్టేక్, అంటే అనేక స్థానిక సంఘాలను కలిపిన మండలం, 2012లో అక్కడే ఏర్పడింది. బెంగళూరులో ఆలయం కడతామని 2018లో ప్రకటించారు. ఆదివారపు ఆరాధనలకు ఎవరైనా వెళ్లవచ్చు. కానీ బాప్తిస్మం ఇస్తున్నప్పుడు ఫోటోలు, వీడియోలు తీయకూడదన్న నియమం ప్రపంచమంతటా ఒక్కటే. ఇక సాల్ట్ లేక్ ఆలయమే చూడాలనుకునేవారికి మంచి అవకాశముంది. భూకంపాలను తట్టుకునేలా బలపరచడానికి 2019 డిసెంబరు చివర మూసిన ఆ ఆలయానికి 2027 ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఓపెన్ హౌస్ ఉంటుందని ప్రకటించారు. వెళ్లేవారు వెంట వచ్చే పెద్దవాళ్లకు ఫోను సంగతి ముందే తెలుగులో చెప్పండి.

ఆ రోజు ఇంటికి వచ్చాక, సంఘంవారు విడుదల చేసిన బాప్తిస్మపు గది ఫోటోను వెతికి అమ్మకు చూపించాను. పిన్నికి పంపుకోవచ్చని చెప్పాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఎద్దులను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఫోటో తీసిన వైపు నుంచి పన్నెండూ కనబడవు. గదిలో మనిషన్నవాడు లేడు. దీపాల వెలుగులో తొట్టి, ఎద్దులు, మెట్లు తళతళ మెరుస్తున్నాయి.

"బాగుంది కానీ, ఇందులో ఆవిడ లేదురా" అని ఫోను నాకు ఇచ్చేసింది. పిన్నికి ఆ రాత్రి ఫోను చేసి, ఎద్దుల సంగతి రెండు ముక్కల్లో ముగించి, తన చెయ్యి పట్టుకున్న ఆ పెద్దావిడ గురించే అరగంట చెప్పింది.