వర్క్‌ఫ్లో కోర్సుకు లక్షన్నర కట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో ఏడాది. విమానాల సిమ్యులేషన్ అంటే ఇష్టం. ‘సీఎఫ్‌డీ వర్క్‌ఫ్లో ఆటోమేషన్’ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటూ ఒక ఇన్‌స్టిట్యూట్ లక్షన్నర అడుగుతోంది. స్నేక్‌మేక్ నేర్పించాలా, ఎయిర్‌ఫ్లోనా? మా తోడల్లుడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు. వీడి గురించే బెంగ.
– ఒక తండ్రి

జవాబు: అసలు ప్రశ్న మీ చివరి రెండు వాక్యాల్లో ఉందండీ. ఇలాంటివి నాకు తరచూ వస్తుంటాయి. కోర్సు పేరు మారుతుంది, తోడల్లుడి కొడుకు మాత్రం మారడు.

ముందు ఆ డబ్బు కట్టకండి. సీఎఫ్‌డీ అంటే గాలి, ద్రవాల ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడం. అందులోని పనులను ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే నడిచేలా పెట్టుకోవడమే వర్క్‌ఫ్లో ఆటోమేషన్. స్నేక్‌మేక్, ఎయిర్‌ఫ్లో అలా నడిపించే టూల్స్. ఎయిర్‌ఫ్లో పేరు చూసి గాలికి సంబంధించిందనుకునేరు. అది 2014లో ఎయిర్‌బీఎన్‌బీ వాళ్లు తమ డేటా పనుల కోసం మొదలుపెట్టింది. స్నేక్‌మేక్ 2012లో బయోఇన్ఫర్మాటిక్స్ (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే) వాళ్ల కోసం వచ్చింది. మీవాడికి కావాలంటే రెండోదే నయం. పైథాన్ వస్తే పదిహేను రోజుల పని. రెండూ ఉచితమే.

పోయినేడాది ఒక కుర్రాడు నాకా 0012 అనే ప్రామాణిక ఆకారపు రెక్క ప్రాజెక్టు పట్టుకొచ్చాడు. ఓపెన్‌ఫోమ్ అనే ఉచిత సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్‌లో, రెక్కకు గాలి తగిలే ప్రతి కోణానికీ ఫోల్డర్ కాపీ కొట్టి, గాలి దిశ చేత్తో మార్చుకుంటూ పోయాడు. ఎనిమిది డిగ్రీల దగ్గర డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) నెగటివ్! అంటే గాలి రెక్కను ముందుకు తోస్తోందన్నమాట. ఆ ఒక్క ఫోల్డర్‌లో గాలి దిశ మార్చాడు గానీ, లిఫ్ట్ (పైకెత్తే బలం), డ్రాగ్ ఏ దిశలో కొలవాలో చెప్పే రెండు లైన్లు మార్చడం మరిచాడు. వర్క్‌ఫ్లో పనికొచ్చేది ఇక్కడే. కోణం ఒక్కచోట రాస్తే మిగతావన్నీ దాన్నిబట్టి మారేలా పెట్టుకోవచ్చు. మెష్ (లెక్క కోసం రెక్క చుట్టూ ఉన్న చోటును చిన్న గడులుగా విడగొట్టిన వల) మారితే దానిమీద ఆధారపడ్డ రన్‌లే మళ్లీ నడుస్తాయి. కానీ నెగటివ్ డ్రాగ్ చూసి ఉలిక్కిపడటం ఏ టూలూ నేర్పదు. ఆ ఉలికిపాటు లేనివాడి చేతిలో స్నేక్‌మేక్ పెడితే, ఒక తప్పు తెల్లారేసరికి యాభై కేసులవుతుంది.

అందుకే ఈ ఆటోమేషన్ మోజు మీద నాకు అనుమానం. నేను చూసిన ఏరో ఉద్యోగ ప్రకటనల్లో ఫ్లూయెంట్ (ఇంకో సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్), ఓపెన్‌ఫోమ్, టర్బులెన్స్ (ప్రవాహంలోని అల్లకల్లోలం) అని అడిగారు తప్ప వర్క్‌ఫ్లో టూల్ పేరు అడిగినవి అరుదు. గ్యారంటీ అన్న మాటను కాగితం మీద రాసిమ్మనండి, ఏమంటారో చూద్దాం.

ఇక మీ మీద కోపం. మూడో ఏడాదికే ఫలానా విషయం ఇష్టమని చెప్పగల పిల్లాడు ఉన్నందుకు సంతోషించాల్సింది పోయి, పోలికలు పెడుతున్నారు. మెకానికల్ చదివితే బతుకు పోదు. ఈ లెక్కలు కోడ్‌తో చేయడం వచ్చినవాడికి, రేపు ఏరో దొరక్కపోయినా సాఫ్ట్‌వేర్ దారి మూసుకుపోదు.

వాణ్ని ఓపెన్‌ఫోమ్‌తో మొదలుపెట్టమనండి. ఉచిత సాఫ్ట్‌వేర్ వాడకాన్ని ప్రోత్సహించే ఐఐటీ బాంబే ఫోసీ ప్రాజెక్టులో పాఠాలు ఉచితం. ఓపెన్‌ఫోమ్‌తోపాటే వచ్చే మోటర్‌బైక్ ఉదాహరణలో పనులన్నీ వరుసగా నడిపే ‘ఆల్‌రన్’ అనే చిన్న స్క్రిప్టు ఉంటుంది, వాడికి మొదటి వర్క్‌ఫ్లో అదే. తర్వాత నాకా 0012ను 0, 10, 15 డిగ్రీలకు నడిపి, నాసా టర్బులెన్స్ మోడలింగ్ పేజీలోని కొలతలతో పోల్చి గ్రాఫ్ గీయమనండి. ఆ గ్రాఫ్ మీకు చూపించడానికి వచ్చినప్పుడు మాత్రం, తోడల్లుడి కొడుకు జీతం సంగతి ఎత్తకండి.